అంచు కత్తిరించిన పటం

"మూడు నెలలా?"

"నానమ్మా, జర నెమ్మదిగ మాట్లాడు. పక్కింట్ల వినిపిస్తది."

"వినిపించనియ్యి. మూడు నెలల సంది నీకు తెలుసా అని అడుగుతున్న. అవునా, కాదా?"

"తెలుసంటే... డౌటుండె. పక్కాగ తెల్వదు."

"డౌటు ఎప్పుడొచ్చింది? నేను అర్ర కూలగొట్టక ముందా, కూలగొట్టినంకనా?"

మనవరాలు కంప్యూటర్ మూత మెల్లగా మూసింది. తలెత్తలేదు.

"ముందే."

"ముందేనా!"

"ఆగమన్న కద నానమ్మా. రెండుసార్లు చెప్పిన. తొందరేముంది, ఆగు అన్న."

"ఆగమన్నవ్. ఎందుకాగాల్నో చెప్పినవా? ఇటుకలకంటిన సిమెంటు నేను ఎండల కూసొని గీకుతుంటే, నువ్వు కిటికీల కూసొని చూసినవ్."

"చూడలే. పని చేసుకుంటున్న."

"ఏం పని? ఈ గీతలు గీసే పనేనా?"

మా మాటలు అక్కడితో ఆగలేదు. అయితే అక్కడి నుంచే చెప్పుకుంటూ పోతే చదివేవాళ్లకు సంగతి అందదు. అందుకని ముందు జరిగింది ముందు చెబుతాను.

కొత్తగూడ నుంచి హఫీజ్‌పేట్ వైపు వెళ్లేటప్పుడు పెద్ద రోడ్డు మీదికి కనబడని సందు మాది. సందుకు పడమర చెరువు ఉంది. పేరుకు చెరువే కానీ ఇప్పుడక్కడ ఉన్నది తుంగ, గుర్రపుడెక్క. వానాకాలంలో మాత్రం మధ్యలో నీళ్లు మెరుస్తాయి. ఉత్తరాన కట్ట, కట్టకు నీళ్లు వదిలే రాతి తూము. మేము వచ్చిన కొత్తలో ఆ తూము పక్కన బండ మీదే నేను బట్టలు ఉతికేదాన్ని. సందుకు తూర్పున అపార్టుమెంట్లు లేచాయి, వాటి వెనుక అద్దాల ఆఫీసులు లేచాయి. మా ఇళ్లు మాత్రం ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. చెరువు ఒడ్డు కన్నా మా సందు ఎత్తు. ఎంత వాన పడినా మా గడప తడవలేదు.

మా ఆయన సర్వే ఆఫీసులో చైన్‌మన్. అంటే కొలిచే గొలుసు పట్టుకుని, జెండా కర్రలు మోసుకుని ఆఫీసర్ల వెంట తిరిగే పని. నేను మూడో తరగతి దాకా చదివాను. అంకెలు బాగా వచ్చు. అక్షరాలు కూడబలుక్కుని చదివే దశలో బడి మానిపించారు. మిగిలిందంతా ఆయనే నేర్పాడు, సర్వే పటాల మీద. పిల్లల పుస్తకం కొనాలని నాకు తట్టలేదు, ఆయనకూ తట్టలేదు. ఇంట్లో పాత పటాలు ఉండగా డబ్బు పెట్టి కొనడమెందుకు? బావికి ఏ గుర్తు, తూముకు ఏ గుర్తు, బండి బాటకు ఏ గీత, అన్నీ అట్లా వచ్చినవే.

ఉద్యోగం అయిపోయాక ఆయన ఇంటి వెనుక ఒక గది, మా మాటల్లో అర్ర, కట్టాడు. గోడలు మేస్త్రీ లేపాడు, షాబాదు బండలు మాత్రం ఆయనే పరిచాడు, దారం కట్టి, ఒక్కొక్క బండకూ మూడుసార్లు లేచి చూసుకుని. చివరి రెండేళ్లు ఆ గదిలోనే పడుకున్నాడు. పోయాక కూడా ఆయన కర్రలూ, ఇనుప మేకులూ, నోటు పుస్తకాలూ ఆ గదిలోనే ఉంచాను. ఇల్లు తుడిచేటప్పుడు ఆ గదినే చివరికి ఉంచుకునేదాన్ని.

కొడుకూ కోడలూ వేరే జిల్లాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మనవరాలికి చదువు అయిపోగానే మాదాపూర్ వైపు ఒక కంపెనీలో ఉద్యోగం దొరికితే, హాస్టల్ ఖర్చు ఎందుకని నా దగ్గరే పెట్టుకున్నాను. భూములు కొలిచేవాళ్లూ, పటాలు గీసేవాళ్లూ వాడే సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ అది. తాత చేసిన పనే, కాకపోతే ఎండలో తిరగకుండా చేస్తున్నది అని నేను సంబరపడ్డాను.

చేరిన మొదటి ఏడు ఒకరోజు మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చింది.

"నానమ్మా, తాత అడిగే ప్రశ్న నేను కంపెనీల పెట్టించిన."

ఆ ప్రశ్న ఏమిటో నాకు చెప్పనక్కర్లేదు. గొలుసు చేతిలోకి తీసుకునే ముందు మా ఆయన ఏ ఆఫీసరునైనా ఒకటే మాట అడిగేవాడు: "ఎక్కడి నుంచి సార్?" కొలత మొదలు ఎక్కడ అని. కొత్త ఆఫీసర్లు నవ్వేవాళ్లట. అయినా చెప్పిందాకా ఈయన అడుగు కదిపేవాడు కాదు.

ఆ రోజు మనవరాలు నాకు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పింది. భూమి గుండ్రం అంటారు కానీ సరిగ్గా గుండ్రం కాదట. పాతకాలం సర్వేవాళ్లు భూమి ఇంత లావు, ఈ ఆకారం అని ఒక లెక్క అనుకుని, దేశం నడుమ ఒక చోట మొదలుపెట్టి కొలుచుకుంటూ వచ్చారట. ఇప్పుడు ఉపగ్రహాలు పైనుంచి కొలుస్తున్నాయి. వాటి లెక్కలో భూమి కొలత వేరు, నడిమి బిందువు వేరు. అందుకని ఒకే రాయికి పాత లెక్కలో ఒక అంకె, కొత్త లెక్కలో ఇంకొక అంకె ఉంటాయి. లెక్క కట్టే ఆ మొదలునే వాళ్లు డేటమ్ అంటారు. పాత పటం మీది అంకెను తెచ్చి మార్చకుండా కొత్త లెక్కలో పెడితే, మన వైపున రాయి నూరు మీటర్లకు పైనే జరిగిపోయి కనిపిస్తుందట.

"అంటే, గడప నుంచి కొలిచి తెచ్చిన కొలతను మెట్టు నుంచి పరిస్తే మంచం పోయి గోడల పడ్డట్టు" అన్నాను.

"కరెక్ట్! నువ్వు మా ఆఫీసుకు రావాలె నానమ్మా" అని నవ్వింది.

అందుకే ఎవరైనా పాత పటం ఎక్కించగానే ఆ సాఫ్ట్‌వేర్ ఆగి, ఈ పటం ఏ డేటమ్‌లో ఉంది అని అడిగేట్టు తను చేసిందట. జవాబు చెబితే గానీ ముందుకు పోదట. నేను మిఠాయి మా ఆయన ఫోటో ముందు పెట్టాను. నేను అట్లాంటివి వృథా చేయను, తర్వాత తీసి ఇద్దరమూ తిన్నాము. కానీ ముందు అక్కడ పెట్టాను.

ఇక ఈ ఏటి సంగతి. చెరువుల హద్దులు తేలుస్తున్నామని సర్కారు ఆఫీసువాళ్లు ఒక పటం తెచ్చి మా కాలనీ సంఘం రేకుల షెడ్డు గోడకు అంటించారు. పాత సర్వే పటాలను కంప్యూటర్లోకి ఎక్కించి, చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో నీలం గీత గీయించారు. ఆ గీత మా వరుస ఇళ్ల వెనుక భాగాల మీదుగా పోయింది. మా వెనుక గది గీత లోపల పడింది. సందు చివరి ఇంటికైతే గీత నడుమ నుంచే పోయింది, వంటగదీ హాలూ చెరువులోనే. గీత లోపలివి ఎవరికి వాళ్లు తీసేసుకుంటే మంచిది, లేకపోతే మేమే వచ్చి ఎర్ర రంగు గుర్తు పెట్టి తీస్తామని కాగితం ఇంటింటికీ ఇచ్చారు.

ఆ పటం మనవరాలి కంపెనీయే తన సాఫ్ట్‌వేర్‌తో చేసి ఇచ్చిందని దాని మీదే ఉంది. మనవరాలిని అడిగితే అవునంది. అంతే అంది. ఇంకేమీ అనలేదు.

నేను గోడ మీది గీతను చూశాను. మా ఇంటిని చూసుకున్నాను. మిగతా పటాన్ని చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. పటం అంటే ఏమిటో తెలిసినదాన్ని, చూడలేదు. నా ఇంటి పిల్ల చేసిన పని అనుకున్నాను.

సందులో అందరూ కోర్టులనీ, నాయకులనీ తిరుగుతుంటే నేను మేస్త్రీని ఒక్కరోజుకు పిలిచాను. రేకులు దింపడానికి, గోడలు పడగొట్టడానికి అతను కావాలి. మిగతాది నేనే చేసుకున్నాను. రేకుల కొక్కేలు పాత నూనె డబ్బాలో వేశాను. బండలు గడ్డపారతో ఒక్కొక్కటే లేపాను. ఒక్కటి మాత్రం విరిగింది, దర్వాజ పక్కది. ఆయన దారం కట్టి పరిచిన బండ. దాని ముక్కలు కూడా పారేయలేదు. ఇటుకలకు అంటిన సిమెంటు గీకి, పేర్చి, పైన ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కప్పాను. దానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల్లోనే మనవరాలు రెండుసార్లు, తొందరేముంది నానమ్మా, ఆగు అంది. ముసలిదాని నడుము నొస్తుందని అంటున్నది అనుకున్నాను. పిల్లకు నా మీద ప్రేమ అనుకున్నాను.

సందు చివరి ఇల్లు ఒక కోస్తా వాళ్లది. ఆయన రిటైరైన గుమాస్తా, ఆమె నా కన్నా ఐదారేళ్లు చిన్నది. నేను ఆమెను చెల్లె అంటాను. ఆమె నన్ను అక్కగారూ అంటుంది. ఇరవై ఏళ్లుగా ఎవరి పెరుగు పులిసిపోతే వాళ్లు గిన్నె పట్టుకుని రెండో ఇంటికి పోయి తోడు తెచ్చుకునేవాళ్లం. నా గది పోయిన వారానికి, కూరగాయల బండి దగ్గర, నలుగురిలో ఆమె అంది:

"అక్కగారూ, తొందరపడ్డారేమోనండీ. ఇన్నేళ్లలో నీళ్లు రాని చోటికి చెరువు ఇప్పుడెలా వచ్చిందండీ?"

"చెరువు రాలే చెల్లే, గీత వచ్చింది. గీత గీసింది చదువుకున్నోళ్లు."

"చదువుకున్నవాళ్లు మాత్రం తప్పు చెయ్యరా అండీ?"

"నా మనవరాలి కంపెనీ పటం అది. నా ఇంటి పిల్ల పని అబద్ధమంటవా? నేను నా చేతులతోని అర్ర తీసేసిన. మీరు చెరువుల కూసొని వంట చేసుకుంటున్నరు, ఒప్పుకోనీకి మాత్రం నోరు రాదు."

బండివాడు తక్కెడ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆమె మొహం ఎర్రబడింది. చేతిలో ఉన్న బెండకాయలు మళ్లీ బండిలో పోసేసి, ఏమీ కొనకుండా వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి తోడు కోసం ఎవరం ఎవరింటికీ పోలేదు. నా మాట న్యాయం అనుకున్నాను కాబట్టి నేను తగ్గలేదు.

ఇక ఆ సాయంత్రానికి వస్తాను. మర్నాడు పొద్దున చివరింటికి ఎర్ర గుర్తు పెట్టడానికి వస్తామని ఆఫీసువాళ్లు చెప్పి పోయిన రోజు అది. వారంలో రెండు రోజులు మనవరాలు ఇంటి నుంచే పని చేస్తుంది. తిండి బల్ల మీద కంప్యూటర్ తెరిచి ఉంది. తనకు ఫోన్ వస్తే మాట్లాడుతూ డాబా మీదికి పోయింది. నేను చాయ్ తెచ్చి, కంప్యూటర్ మీద ఒలకకుండా ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే తెర మీద మా సందు కనబడింది. పైనుంచి తీసిన ఫోటో. మా నల్ల నీళ్ల ట్యాంకు, దాని పక్కన ఇటుకల మీది ఫ్లెక్సీ రంగు కూడా తెలుస్తున్నాయి. ఆ ఫోటో మీద పాత సర్వే పటం పల్చగా పరిచి ఉంది. పాత పటం కదా, నాకు ప్రాణం లేచి వచ్చింది. కళ్లద్దాలు తెచ్చుకుని కూర్చున్నాను. బండి బాట చూశాను, బావి చూశాను, తర్వాత తూము కోసం వెతికాను.

తూము గుర్తు అపార్టుమెంటు గేటు మీద ఉంది. వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కూర్చునే చోట.

నేను బట్టలు ఉతికిన తూము అది. దాని రాళ్లు ఇప్పటికీ కట్టలో అక్కడే ఉన్నాయి, ఫోటోలో కూడా కనిపిస్తున్నాయి, ఎడమవైపు. పటంలో మాత్రం అది తూర్పుకు జరిగి గేటు దగ్గరికి వచ్చింది. తూము జరిగితే కట్టా జరిగినట్టే, చెరువూ జరిగినట్టే. వేలు పెట్టి గీత వెంబడి పోయాను. చెరువు మొత్తం ఎత్తి మా వరుస మీద పెట్టినట్టు ఉంది.

పటం కింది అంచు కోసం చూశాను. ఏ లెక్క మీద కొలిచారో పాత పటాల్లో అక్కడే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పటం చేతికి రాగానే మా ఆయన ముందు చదివేది అదే, నన్ను చదవమనేది కూడా అదే. ఈ పటానికి అంచే లేదు. నాలుగు పక్కలా కత్తెరతో కోసినట్టు ఉంది.

మనవరాలు మెట్లు దిగి వచ్చింది.

"ఇదేందే, తూము గేటు కాడికొచ్చింది?"

తను తెర వైపు చూసింది, నా వేలు వైపు చూసింది. నీకేం తెలుసు అనలేదు. నవ్వలేదు. ఆ నిలబడటంలోనే నాకు సగం అర్థమైంది.

"అంచేది దీనికి?"

"కోసేసిన్రు నానమ్మా. పక్కపక్క షీట్లు అతికించేటప్పుడు అంచులు అడ్డమొస్తయి. స్కాన్ చేసినంక అందరు గట్లనే కోసేస్తరు."

"కోస్తే కోసిన్రు. నువ్వు పెట్టిన ప్రశ్న ఉంటది కద? ఏ లెక్కల ఉందని అడగదా?"

"అడగదు."

"ఎందుకు?"

"తీసేసిన."

నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు, లేచాను.

"వాడేటోళ్లు తిట్టిన్రు. ప్రతి పటానికి అదే అడుగుతదని, జవాబు ఎవ్వరికి తెల్వదని. మా మేనేజర్ తీసెయ్యమన్నడు. ఏం చెప్పకపోతే కొత్త లెక్కనే అనుకోమని రాసిన."

"రాసిందెవరు?"

"నేనే."

అప్పుడు అడిగాను, ఈ పటం తప్పని ఎప్పుడు తెలిసిందని. గోడకు అంటించక ముందే తెలిసిందట. మూడు నెలల కిందట. నేను మొదట రాసిన మాటలు అక్కడ మొదలయ్యాయి. కిటికీలో కూర్చుని చూసినవ్ అని నేను, పని చేసుకుంటున్న అని తను. ఆ తర్వాత ఇట్లా సాగింది.

"ఎవ్వరికి చెప్పలేదా?"

"మా టీమ్ లీడ్‌కు చెప్పిన. పటం ఇచ్చేసినం, ఇప్పుడు తప్పంటే పని మొత్తం పోతది, ఎట్లైనా నేల మీద కొలిచేటప్పుడు వాళ్లే చూసుకుంటరు, నీకెందుకు అన్నడు."

"కొలిచేటోళ్లు రేపు పొద్దున చివరింటికొస్తున్నరు, రంగు డబ్బ పట్టుకొని. వాళ్ల మిషన్ల ఉన్న పటమేది?"

తను చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"ఏదే?"

"ఇదే పటం."

"మరింకేం చూసుకుంటరు వాళ్లు!"

"నా ప్రమోషన్ నడుస్తున్నది నానమ్మా. ఇప్పుడు నేను రాసిందే తప్పు అని నేనే ఎట్ల చెప్పాలె? అయినా నువ్వు కూలగొడతవని నాకేం తెల్సు? నోటీసొస్తే ఎవరన్న వెంటనే కూలగొడతరా? సందు మొత్తంల నువ్వొక్కదానివే."

"చెప్పినట్టు విన్నందుకు తప్పు నాదేనా?"

"గట్లనలే."

"గట్లనే అన్నవ్."

తను ఏడ్చింది. నేను ఓదార్చలేదు. గది పోయినందుకు కాదు. నిజం చెబితే, గది పోయిన బాధ ఆ పన్నెండు రోజుల్లో ఇటుకలతో పాటే గీకేసుకున్నాను. పన్నెండు రోజులూ నాకు అన్నం పెట్టి, చేతులకు కొబ్బరినూనె రాసి, నడుముకు వేడినీళ్ల సీసా ఇచ్చి పడుకోబెట్టిన పిల్ల, ఆ ఒక్క మాట మాత్రం దాచుకుంది. ఆ మాట దాచుకున్న నోటితోనే గుడ్‌నైట్ నానమ్మా అంది. తన పేరు మీద నేను చెల్లెను నలుగురిలో అన్న మాటలు కూడా తనకు తెలుసు. ఇంటికి వచ్చి గొప్పగా చెప్పింది నేనే. అప్పుడూ వింటూ కూర్చుంది.

"రేపు వాళ్లొచ్చినప్పుడు నువ్వు రావాలె" అన్నాను. "గీత తప్పని చెప్పాలె. తప్పు నువ్వు రాసినవని, మూడు నెలల సంది తెలుసని, అది సుత చెప్పాలె. చివరింటామె ముందల చెప్పాలె. నేను చెప్ప. నీ నోటితోనే రావాలె."

"ఉద్యోగం పోతే?"

"వాళ్ల వంటిల్లు పోతే?"

"సరే, చెప్త" అంది. కళ్లు తుడుచుకుని తన గదిలోకి పోయింది. నేను కంచంలో అన్నం పెట్టి మూత వేసి బల్ల మీద ఉంచాను. పిలవలేదు. చెప్త అన్న మాటను మాత్రం నమ్మాను.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి, స్నానం చేసి, ముందు నేనే చివరింటికి వెళ్లాను. తలుపు తీసి ఉంది. వంటగది అల్మరాలు ఖాళీ చేసి, గిన్నెలన్నీ గోనెసంచుల్లో కట్టి వరండాలో పెట్టుకున్నారు. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని చివరి సంచి మూతి కడుతున్నది.

"చెల్లే, గీత తప్పట. నిన్ననే తెలిసింది. ఆనాడు బండి కాడ నేనన్న మాటలు తప్పు."

ఆమె తాడు వదలలేదు. "ఇప్పుడా చెబుతున్నారండీ?" అంది. లోపలికి రమ్మనలేదు. నేను బయటే నిలబడ్డాను.

ఎనిమిదికి ఇద్దరు మనుషులు వచ్చారు. కొలిచే కర్ర, దాని మీద పుట్టగొడుగులాంటి పరికరం, చేతిలో చిన్న తెర, ఎర్ర రంగు డబ్బా. గోడ మీద రంగు పడక ముందే నేను అడ్డం వెళ్లి, ముందు తూము కాడికి రండి నాయనా, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. పెద్దవాడు విసుక్కున్నాడు కానీ వచ్చాడు. కట్ట మీద తూము రాతిపై కర్ర నిలబెట్టించాను. తెరలో తూము మేము నిలబడ్డ చోట లేదు. నూరు మీటర్లకు పైనే అవతల, అపార్టుమెంటు గేటు దగ్గర చూపించింది. అతను రాతిని చూశాడు, తెరను చూశాడు, మళ్లీ రాతిని చూశాడు.

"ఏమో అమ్మా, మాకిచ్చిన పటం ఇదే. మేము మార్చలేము. చేసినోళ్లు మార్చాలె."

అప్పుడు మనవరాలు వచ్చింది. ఆఫీసు బట్టల్లో, మెడలో కార్డు, భుజాన సంచి. ఎవరితోనూ మాట్లాడకుండా కట్ట రాయి మీద కూర్చుని కంప్యూటర్ తెరిచింది. ఒకచోట నొక్కింది, జాబితా ఒకటి కిందికి జారింది, అందులో పాత లెక్కను ఎంచింది. నీలం గీత మా ఇళ్ల మీది నుంచి లేచి, పడమరకు జరిగి, తుంగ మొలిచిన ఒడ్డు మీద పడింది. తూము వచ్చి తూము మీద కూర్చుంది. చాయ్ పొంగడానికి పట్టే సేపు కూడా పట్టలేదు. మూడు నెలలు నా పిల్ల చేయని పని అది.

పెద్దవాడు ఫోటోలు తీసుకుని వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాడు. మార్చిన పటం పంపించమన్నారు, అందాకా రంగు వేయొద్దన్నారు.

"ఏమైందమ్మా అసలు?" అని అతను మనవరాలిని అడిగాడు.

అప్పటికి చివరింటి ఆమె కూడా కట్ట దగ్గరికి వచ్చింది. నేను మనవరాలి మొహం వైపే చూస్తున్నాను. తను నా వైపు ఒక్కసారి చూసింది.

"ఫైల్‌ల చిన్న ప్రాబ్లం ఉండె అంకుల్. నిన్ననే తెలిసింది. ఫిక్స్ చేసినం" అంది.

చెల్లె వచ్చి తన రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు చల్లగా ఉండాలమ్మా. నిన్న తెలిసి ఇవాళ పరుగెత్తుకొచ్చావు. ఇల్లు నిలబెట్టావమ్మా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మనవరాలు ఆ చేతుల్లోంచి తన చేతులు తీసుకోలేదు. "పర్వాలేదు ఆంటీ" అంది.

నేను చెప్పనన్నాను కాబట్టి చెప్పలేదు.

చెల్లె నన్ను దాటుకుని ఇంటికి వెళ్లింది. కాసేపటికి గోనెసంచులు విప్పి గిన్నెలు అల్మరాల్లో పెడుతున్న చప్పుడు సందులోకి వినిపించింది. ఆ మనుషులు రంగు డబ్బా మూత తీయకుండానే తీసుకుపోయారు. మనవరాలు బండి బయటికి తీస్తూ, "పోయొస్త నానమ్మా" అంది. ఆ రోజు నేను తనకు అన్నం డబ్బా కట్టలేదు. తను అడగలేదు. బండి సందు మలుపు తిరిగాక నేను వెనక్కి వెళ్లి చూస్తే, ఇటుకల మీది ఫ్లెక్సీ ఒక మూల గాలికి లేచి ఉంది. విరిగిన బండ ముక్కలు తెచ్చి దాని మీద బరువు పెట్టాను.